వరస చివర రెండు ఖాళీలు

మా వదిన పోయిందన్న కబురు శనివారం పొద్దున్న వచ్చింది. సాయంత్రం భజనకి ఏం చెప్పాలా అని గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, భావనపాడు ఒడ్డున బోర్లించిన పడవ నీడలో కూర్చున్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరే తమ్ముడూ, మీ వదిన ఎల్లిపోనాదిరా. మొక్కలకి నీళ్ళు పోత్తా పోత్తా అరుగు మీద కూసుంది. కాఫీకి పిలిత్తే పలకనేదు" అన్నాడు. నేను జవాబు చెబుదామని నోరు తెరిచాను. నా గొంతు సంగతి మీకు తెలిసిందే కదా, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అవతల అన్నయ్య ఆ గాలినే కాసేపు విని, "బేగి రా" అని పెట్టేశాడు.

ఈ పేజీ చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. ప్రతి శనివారం మీ ఫోన్‌లో పాట తెరుచుకుంటోందంటే అది ఆమె చేతి చలవ. ఈ పేజీ కట్టింది మా వదినే. అడుగున పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు. "ఇల్లు కట్టిన తాపీమేస్త్రి పేరు గుమ్మం మీద రాత్తారేటి? ఒగ్గీ" అంది. బతికుండగా వద్దన్నదాన్ని పోయాక చేయడం నాకు ఇష్టం లేదు. అందుకని ఇక్కడా వదిన అనే అంటాను.

గరివిడిలో మా అన్నయ్య ఫ్యాక్టరీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ వదిన చీపురుపల్లిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పింది. మానేశాక ఇంట్లో కూర్చునే దుకాణాల వాళ్ళకీ స్కూళ్ళకీ వెబ్ పేజీలు చేసిపెట్టేది. ఆమె లాప్‌టాప్ ఉండేది కుట్టుమిషను బల్ల మీద. మిషను తల ఎప్పుడో పాడైతే తీసేశారు. కింద ఇనప పెడలూ చక్రమూ మిగిలాయి. కోడు రాస్తూ ఆలోచనలో పడితే ఆమె కాలు దానంతటది పెడలు తొక్కేది. చక్రం తిరిగేది. బట్ట లేదు, దారం లేదు. "ఏటి కుడతన్నావు వదినా?" అని అడిగితే తలెత్తకుండా "నీ నోరు" అనేది.

పక్కన గిన్నెలో మరమరాలు, వేయించిన ఉల్లిపాయలు, పచ్చిమిరప ముక్కలు. నూనె చేత్తో కీబోర్డు ముట్టుకోకూడదని చెంచాతో తినేది. మరమరాలు చెంచాతో తినే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నా నోరు కుట్టాలని ఆమెకి అనిపించడంలో తప్పు లేదు. నేను ఉపన్యాసకుణ్ణి. బడి చదువు కొంచెమే, మిగతాదంతా గ్రంథం దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. సముద్రం మీద నుంచి దిగిన మనిషి ఇంటి దారి వదిలి సారా దారి పడితే, ఆ దారికి అడ్డంగా నిలబడి పురాణం చెప్పినవాణ్ణి. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు కథ నేను చెబుతుంటే సీసా పక్కన పెట్టి ఏడ్చినవాళ్ళున్నారు. మైకు ఎప్పుడూ వాడలేదు. మాటలో నిప్పు లేకపోతే తడిసిన మనిషి ఆరడు అని నా నమ్మకం. ఈ రోజుకీ అదే నమ్మకం.

మా పేట మగవాళ్ళు ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లో వెరావల్ రేవుకి పోతారు, అక్కడి బోట్ల మీద పనికి. శనివారం వాళ్ళకి చేతిలో డబ్బు పడే రోజు. అదే ప్రమాదమైన రోజు. అందుకని శనివారం సాయంత్రం ఫోన్‌లోనే భజన పెట్టాను. ఇక్కడ నేను పాటలో ఒక వరస పాడి ఆగుతాను, అక్కడ వాళ్ళు వంత అందుకుంటారు. మళ్ళీ నేను, మళ్ళీ వాళ్ళు. రెండు గంటలు పాడితే దాహం తీరిపోతుంది. అలా మానేసినవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల మొహాలు నేను చూశాను. నా జీవితానికి ఏదైనా అర్థం ఉందంటే ఆ శనివారాలే.

ఆ గొంతులో కాయ లేచింది. విశాఖలో కోసి తీశారు. కొన్ని నెలలు మాట్లాడనే కూడదన్నారు. తర్వాత మాట వచ్చినా పాత గొంతు రాదన్నారు, గట్టిగా పాడితే ఉన్నదీ పోతుందన్నారు. ఆస్పత్రి మంచం మీద నేను స్వామిని అడగకూడని మాటలు అడిగాను. గొంతు తీసుకో, శనివారాలు ఎందుకు తీసుకుంటావు అన్నాను.

వదిన చూడటానికి వచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని, మెడకి కట్టిన గుడ్డ కాసేపు చూసింది. "నేను ఇన్నేళ్ళు తొక్కినా కుట్టలేకపోయాను. డాక్టరు ఒక్కపూటలో కుట్టేసినాడు" అంది. నవ్వితే కుట్లు లాగుతాయని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత సంచీలోంచి పిల్లల పలకా బలపమూ తీసి నా చేతిలో పెట్టింది. "నోటితో సెప్పలేకపోతే రాయి. పాటలు నువ్వే కట్టినావు కదా. రాసి వాళ్ళకి పంపుదాం. ఎర్రయ్య ముందు వరస సదువుతాడు, మిగతావోళ్ళు అందుకుంటారు. ఎవులు పాడితే ఏటి, శనివారం ఆగకండా ఉంటే సాలు కదా."

ఎర్రయ్య వెరావల్‌లో మా వాళ్ళ బోటుకి పెద్ద. నాకు బావ వరస. ఒకప్పుడు నా ఉపన్యాసం మధ్యలో లేచి నా మీద రాయి విసిరినవాడు. ఇప్పుడు తాళం వేస్తాడు.

అలా నేను నవుపడాలో పాసింజరు ఎక్కి గరివిడి పోవడం మొదలైంది. పలక చంకలో పెట్టుకుని, తన పాత లాప్‌టాప్ నాకిస్తే దాని ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని నొక్కేవాణ్ణి. కోడు రాసుకోవడానికి ఆమె వాడే ఎడిటర్‌లోనే నాకూ టైపు నేర్పింది. అందులో ఫార్మాటర్ అని ఒకటుంటుంది. మనం ఎంత చిందరవందరగా రాసినా సరే, సేవ్ నొక్కగానే అది సర్దేస్తుంది. ఎక్కువైన ఖాళీలు తగ్గిస్తుంది, వంకరగా ఉన్న వరసల్ని ఒక నిలువుకి తెస్తుంది, వరసల చివర వేలాడే ఖాళీల్ని తుడిచేస్తుంది. మొదటిసారి ఆమె కోడు మీద అది పనిచేయడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. పలక మీద రాశాను, "ధర్మం అంటే ఇదే వదినా. మా పేటలో మనుషులకి కూడా ఇలాంటి మీట ఒకటి ఉంటే ఎంత బాగుణ్ణు."

ఆమె చదివి పలక వెనక్కిచ్చింది. "ఉంటే ముందు నిన్నే సర్దాల."

మొదటి పాట ఇద్దరం కలిసి ఎక్కించాం. ఒడ్డున పుట్టిన పాట అది. ఇదిగో, దాని మొదలు:

ఎన్నిసార్లు తోసినా
మళ్ళీ వచ్చే అల నీవు
ఒడ్డున రాయిని నేను స్వామీ
ఒక్కసారి తడిసిపోనీ

వదినే టైపు చేసి, సేవ్ కొట్టి, పంపించింది. శనివారం ఎలా జరిగిందో తెలుసుకుందామని ఆదివారం పొద్దున్నే నేను మళ్ళీ గరివిడిలో దిగాను. ఎర్రయ్య ఫోన్ వచ్చేసరికి ఆమె చెంచా మరమరాల గిన్నెలో ఉంది. స్పీకరు పెట్టింది.

"ఏటి బావా ఈ పాట? నీకు గొంతు పోతే పోనాది, మాకు ఊపిరి తీసేత్తావేటి? ఆగుదామంటే ఆగే సోటే నేదు. అంతా ఒకే తాడునాగ వచ్చింది. సగం మందిమి 'తోసినా' కాడ అందుకున్నాం, సగం మంది 'నీవు' కాడ అందుకున్నారు. ఒకరి మీద ఒకరు పడిపోనాం. సూరిగాడైతే ఆగకండా ఎల్లిపోనాడు, ఎక్కడున్నాడో ఇంకా తెలీదు."

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉంటే ఎర్రయ్య గొంతు మారింది.

"నవ్వుకోండి, పరవానేదు. సగంలో భజన ఆగిపోతే నలుగురు లేచి ఎల్లిపోనారు. ఎటు ఎల్లినారో నాను సెప్పాల?"

ఆమె నవ్వు అక్కడ ఆగింది. పెడలు కూడా ఆగింది.

పేజీ తెరిచి చూస్తే ఎర్రయ్య చెప్పింది నిజమే. నాలుగు వరసలూ కలిసిపోయి ఒకే ముద్దగా ఉన్నాయి. వదిన పాట ఉన్న ఫైలు తెరిచింది. మొదటి వరస చివరికి పోయి ఖాళీ మీటని రెండుసార్లు నొక్కింది. సేవ్ కొట్టింది. మళ్ళీ ఆ చివరికే పోయింది. ఖాళీలు లేవు. మళ్ళీ వేసింది. మళ్ళీ లేవు.

"సూడు మరిదీ" అంది నెమ్మదిగా. "నేను ఏత్తన్నాను, ఇది తీసేత్తంది."

ఆమె నాకు విడమరిచి చెప్పిన సంగతి మీకూ చెబుతాను. కోడులో వరస చివర మిగిలే ఖాళీకి విలువ లేదు. ఊడ్చేస్తేనే మంచిది. అందుకే ఎన్నో ఏళ్ళ కిందట తన ఎడిటర్‌కి ఆమే చెప్పి పెట్టుకుంది, సేవ్ చేసినప్పుడల్లా చివరి ఖాళీలు తీసేయమని. చెప్పిన సంగతి మరిచిపోయింది. కానీ మా పాటలు రాసిన ఫైళ్ళ పద్ధతి వేరు. అందులో వరస చివర రెండు ఖాళీలుంటేనే పేజీ ఆ వరసని అక్కడ ఆపి కిందికి దిగుతుంది. ఆ రెండూ లేకపోతే తర్వాతి వరసని తెచ్చి పక్కనే అతికిస్తుంది. కంటికి కనపడని ఆ రెండు ఖాళీలే మా వాళ్ళు వంత అందుకునే చోటు. ఫార్మాటర్ చెత్త అనుకుని ఊడ్చింది దాన్నే.

నాకు కోపం తలకెక్కింది. పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను, "పీకేయ్ దాన్ని. మొత్తం." కింద రెండు గీతలు కొట్టాను. బలపం విరిగింది.

"పలక మీద కూడా అరుస్తావేటి" అంది వదిన. "వలలో ఒక కన్ను సిక్కు పడితే మీవోళ్ళు ఏటి సేత్తారు? వలంతా కోసేత్తారా, ఆ కన్ను విప్పుతారా? ఇది లేకపోతే నా కోడు నేనే సదవలేను. దీన్ని తీసేయక్కర్లేదు. ఎక్కడ ముట్టుకోవాలో, ఎక్కడ ముట్టుకోకూడదో దీనికి సెప్పాల. అంతే."

చెప్పే దారులు ఎన్నో ఉన్నాయట. సేవ్ నొక్కినప్పుడు సర్దడం అనేది పూర్తిగా ఆపేసి, కావాలనుకున్నప్పుడే పిలవచ్చు. ఎంచుకున్న ముక్కని మాత్రమే సర్దమనవచ్చు. ఫలానా రకం ఫైళ్ళ జోలికి పోవద్దనవచ్చు. అదంతా ఆమె తన ఎడిటర్‌లో ఒక చోట మీట తిప్పితే సరిపోయేది. తిప్పబోయి, చేయి వెనక్కి తీసుకుంది.

"ఇక్కడ పెడితే ఇది నా కంప్యూటర్‌లోనే ఉంటాది. రేపు నువ్వు నీ దాంట్లో తెరుత్తావు, ఎల్లుండి ఇంకెవులో తెరుత్తారు. వాళ్ళ మిషను వాళ్ళ బుద్ధి సూపిత్తాది, మళ్ళీ కోసేత్తాది." కాసేపు పెడలు తొక్కింది. "రూలు మనిషి దగ్గర ఉంటే మనిషితోనే పోతాది మరిదీ. పని దగ్గర పెట్టాల."

పాటలున్న ఫోల్డర్‌లోనే ఒక చిన్న ఫైలు చేసింది. ఆ ఫోల్డర్‌ని ఎవరు ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఎడిటర్ ముందుగా ఆ ఫైలు చదువుకుని దాని మాట వింటుందట. కోడు ఫైళ్ళకి చివరి ఖాళీలు తీసేయాలి, పాట ఫైళ్ళకి తీయకూడదు అని రెండు ముక్కల్లో రాసింది. మిషనుకి అంతే చాలు. ఆమెకి చాలలేదు. పైన, మిషను పట్టించుకోకుండా మనుషులు మాత్రమే చదువుకునే వరస ఒకటి తెలుగులో చేర్చింది: "పాట వరసల చివర ఖాళీలు ఉండనీ. అక్కడ మనుషులు అందుకుంటారు."

నేను చూస్తూనే ఉన్నాను. ఆ వరస రాసి, మరమరాలు ఒక చెంచా నోట్లో వేసుకుని, "ఖాళీ అంటే ఏటీ లేకపోవడం అనుకుంటావు నువ్వు. ఎవులికోసమో ఉంచిన సోటు అది" అంది. నా గ్రంథంలో ఎక్కడ ఉందా ఈ మాట అని ఇంటికొచ్చి వెతికాను. మాట దొరకలేదు గానీ దాని కథలు చాలా దొరికాయి.

తర్వాతి శనివారం పాట సాఫీగా సాగింది. ఎర్రయ్య రికార్డు చేసి పంపాడు. సూరిగాడు కూడా ఆగాల్సిన చోట ఆగాడు. వెళ్ళిపోయిన నలుగురిలో ముగ్గురి గొంతులు వంతలో వినపడ్డాయి. ఆ రికార్డుని గరివిడిలో వదిన కళ్ళు మూసుకుని వింటోంది. నేను మాత్రం బలపం అందుకున్నాను. మూడో వరసలో 'స్వామీ' దగ్గర ఎర్రయ్య వల లాగేటప్పుడు పెట్టే కేక పెట్టాడు. ఓ... అని దీర్ఘం తీసి, తాళం దెబ్బ ఒకటి ఎగ్గొట్టి, తర్వాతి దెబ్బ మీద వచ్చి పడ్డాడు. "తప్పు. వాడికి చెప్పు" అని రాశాను.

"సెప్పను" అంది. "అది బాగున్నాది."

"తాళం తప్పింది" అని కింద రాశాను.

"తప్పనేదు. వాడి సేతిలో వల ఉంది, ఆ బరువు లాగి వచ్చాడు."

ఆమె ఊరుకోలేదు. పేజీ కోడులో తాళం దెబ్బలు చూపించే చిన్న పట్టిక ఒకటి ఉంది. అందులో ఆ పాట దగ్గర ఎర్రయ్య దీర్ఘానికి సరిపడా ఎడం వదిలి, దెబ్బల్ని చేత్తో పేర్చింది. సేవ్ కొడితే ఫార్మాటర్ ఆ ఎడాన్ని నొక్కేసి అన్నిటినీ దగ్గరికి లాగింది. వదిన మళ్ళీ పేర్చి, ఈసారి దాని నెత్తిన ఒక వరస రాసింది. కింది ముక్కని ముట్టుకోవద్దని ఫార్మాటర్‌కి తెలిసే గుర్తు అది. సేవ్ కొట్టింది. చుట్టూ ఉన్నదంతా సర్దుకుంది, ఆ ముక్క మాత్రం ఆమె పేర్చినట్టే ఉంది.

"నీ భజనలో కూడా ఒక ఫార్మాటర్ ఉన్నాడు" అంది నా వైపు చూడకుండా. "వాడికి ఈ గుర్తు ఎలాగ పెట్టాలో తెలడం నేదు."

నేను పలక సంచీలో వేసుకుని లేచాను. అన్నయ్య "భోంచేసి ఎల్లరా, సేపల పులుసు" అంటున్నా వినకుండా స్టేషనుకి నడిచాను. పాసింజరు సిగడాం దాటిందో లేదో, ఫోన్ మోగింది.

"కోపం దిగిందేటి?" వదిన. "పలకలేవు కదా, బాగానే ఉన్నాది, ఇను. నీ పురాణంలో అడవిలో ముసలమ్మ ఉంది కదా, పళ్ళు కొరికి సూసి సామికి పెట్టింది? ఆ పళ్ళు నీ సేతికిత్తే ఏటి సేసీవోడివి? కడిగీవోడివి. పంటిగాటు ఉన్నవి ఏరేసీవోడివి. మిగిలినవి సమానంగా తరిగి పళ్ళెంలో పేర్చీవోడివి. అప్పుడు సామి తినీవోడేటి? ఆకలై కాదు కదా ఆయన తిన్నది."

ఆ కథ నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో. వినేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తెప్పించాను. కానీ నాకు ఎవరైనా ఎదురు చెబితే మధ్యలో అందుకుని మాట మూయించడమే అలవాటు. ఆ రోజు నోరు లేదు. అందుకని ఆమె చెప్పింది చివరి దాకా విన్నాను. పొందూరు వచ్చేసరికి కోపం దిగిపోయింది. పులుసు వదిలేసుకున్నందుకు ఆకలి మాత్రం మిగిలింది. ఎర్రయ్య దీర్ఘం ఈ రోజుకీ అలాగే ఉంది. ఆ పాట వింటున్నప్పుడు మీలో కొందరు అదే అన్నిటికంటే బాగుందని నాకు రాశారు.

వినండి. సర్దడం మంచి పనే. తాగుబోతు జీవితాన్ని సర్దాల్సిందే, నేను ఊరుకోను, నిప్పులు కురిపిస్తూనే ఉంటాను. కానీ సర్దే చేతికి ఏది మురికో ఏది గుర్తో తెలియాలి. తెలియకుండా సర్దే చేయి కలుపుతో పాటు వరి కంకిని పీకుతుంది. భగవంతుడు మనందరికీ ఒకే రూలు పెట్టాడు, నిజమే. కొన్నిచోట్ల నెత్తిన ఒక వరస రాసి, ఇది నా చేత్తో పేర్చింది, ముట్టుకోకండి అని కూడా అన్నాడు. ఈ ఉపన్యాసం నాది కాదు, మా వదినది. ఆమె గుడికి పెద్దగా వెళ్ళేది కాదు. రామతీర్థం కొండకి ఏడాదికోసారి ఎక్కేది. అదీ కోతులకి అరటిపళ్ళు పెట్టడానికే అనేది.

తర్వాత నాకు మాట కొంచెం తిరిగి వచ్చింది. ఇసకలో కాలు ఈడ్చినట్టుంటుంది. ఒక వరస చెప్పగలను, రెండో వరసకి ఆగాలి. వదిన విని, "ఇప్పుడు నీ గొంతు సరిగ్గా ఒక వరసకి సరిపోయేటట్టు ఉన్నాది. మిగతాది వాళ్ళది" అంది. వెరావల్ మాత్రమే కాదు, మంగళూరు బోట్ల మీద ఉన్నవాళ్ళు, పారాదీప్‌లో ఉన్నవాళ్ళు కూడా పేజీ తెరవడం మొదలుపెట్టారు. నేను అరిచి పిలిచినప్పటికంటే, అరవలేనప్పుడే ఎక్కువమంది వచ్చారు. ఆ వెళ్ళిపోయిన నలుగురిలో నాలుగోవాడు మాత్రం ఇంకా రాలేదు. వాడి పేరు నా ప్రార్థనలో ఉంది. వాడి చోటు వంతలో ఉంది.

ఆ శనివారం కబురు విని నేను గరివిడి చేరేసరికి వదినని అరుగు మీద పడుకోబెట్టారు. మొక్కల కుండీల చుట్టూ తడి ఇంకా ఆరలేదు. ఆమె కొడుకు విశాఖ నుంచి వచ్చాడు. వాడిదీ కోడు రాసే ఉద్యోగమే. ఆ సాయంత్రం భజన ఆపమని చెబుదామనుకున్నాను గానీ ఎర్రయ్య ఫోన్ చేసి, "ఆపం బావా, ఆయమ్మ కట్టిన పేజీ తెరిసే పాడతాం" అన్నాడు. శ్మశానం నుంచి వచ్చి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అక్కడ వాళ్ళు పాడుతున్నారని తెలుసు. కాళ్ళ మీద నీళ్ళు అలాగే పోసుకుంటూ నిలబడిపోయాను.

పెద్దకర్మ అయ్యాక ఆమె మీద పాట ఒకటి కట్టాను. శనివారానికి పేజీలో పెట్టాలి. ఆమె నాకిచ్చిన పాత లాప్‌టాప్ తెరుచుకోనని మొండికేసింది. ఆమె లాప్‌టాప్ ముందు కూర్చోవడానికి నాకు మనసు రాలేదు. కొడుకు తనది తెచ్చి ఆ కుట్టుమిషను బల్ల మీదే పెట్టి, పాటల ఫోల్డర్ అందులోకి దింపాడు. నేను వరసకొక రెండు ఖాళీలు వేసుకుంటూ పాటంతా టైపు చేశాను. ఒక్కణ్ణే చేయడం అదే మొదలు. సేవ్ మీద వేలు పెట్టబోతుంటే వాడు చేయి పట్టుకున్నాడు.

"ఆగు చిన్నాన్నా. నా ఎడిటర్ అమ్మ దానికంటే కఠినం. సేవ్ కొడితే సివర్లు అన్నీ కోసేత్తాది. సెట్టింగు మారుత్తానుండు."

నా చేయి ఆగింది. ఆమె లేకుండా ఆ రెండు ఖాళీలు నిలుస్తాయా అన్నదే నన్ను అన్ని రోజులూ లోపల కొరికింది, పైకి ఎవరితోనూ అనలేదు. శనివారాలు ఆమె ప్రాణం మీద నిలబడి ఉంటే ఆమెతోనే అయిపోయాయి కదా. "మార్చకు" అన్నాను. సేవ్ కొట్టాను.

వాడు వంగి, మొదటి వరస చివరికి వెళ్ళి చూశాడు. ఖాళీలు ఉన్నాయి. రెండో వరసలో చూశాడు. ఉన్నాయి. వాడికి అర్థం కాలేదు. ఫోల్డర్‌లో ఆ చిన్న ఫైలు ఎక్కడుందో నేనే వేలు పెట్టి చూపించాను. తెరిచి, వాళ్ళమ్మ రాసిన తెలుగు వరస పైకి చదివాడు. "అక్కడ మనుషులు" దాకా చదివి ఆగాడు. మాట పూర్తి చేయలేక నా వైపు చూశాడు. నేను నా ఇసక గొంతుతో పూర్తి చేశాను.

కింద పెడలు కదిలింది. ఎవరం తొక్కామో ఇద్దరికీ తెలియదు.

ఆ శనివారం పొద్దుగూకే వేళకి భావనపాడు ఒడ్డున నేనూ, తాళాలు పట్టుకుని మా పేటవాళ్ళూ ఎప్పటి చోటే కూర్చున్నాం. బోర్లించిన పడవ మీద ఫోన్ పెట్టాను. అవతల వెరావల్‌లో బోటు మీద ఎర్రయ్య వాళ్ళు. "ఎట్టు బావా మొదటి వరస. నువ్వే ఎట్టాల ఈయేళ" అన్నాడు. కొత్త పాట మొదటి వరస పెట్టాను. పాడటం అనలేను, చెప్పాను అనాలి. వరస అయిపోయింది, ఆగాను.

ఫోన్‌లో నా మాట అంత దూరం పోయి, వాళ్ళ మాట తిరిగి రావడానికి ఎప్పుడూ ఒక చిన్న ఎడం పడుతుంది. ఆ ఎడంలో ఏమీ లేదు. ఇటు పేటవాళ్ళు తాళాలు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఒక అల వచ్చి, ఒడ్డు తడిపి, వెనక్కి పోయింది.

అప్పుడు అటు ఒడ్డు నుంచి వాళ్ళు అందుకున్నారు.